వాతావరణ చర్చలతో మన బస్తీకేం పని?

(హైదరాబాద్ పాతబస్తీలో మస్జిద్ కమిటీల బాధ్యులు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ సమావేశంలో దేనిపై మాట్లాడతారని నిర్వాహకులు అడిగినప్పుడు, అంతర్జాతీయ వాతావరణ చర్చల గురించి అని చెప్పాను. అక్కడే కూర్చున్న ఒక పెద్దాయన నవ్వి, "భాయిసాబ్, వక్ఫ్ ఆస్తుల గొడవ ఉంది, పిల్లల స్కాలర్‌షిప్పుల గొడవ ఉంది, ఓటర్ల జాబితాలో పేర్ల గొడవ ఉంది. ఎక్కడో బ్రెజిల్‌లో పెద్ద దేశాలవాళ్లు కూర్చుని మాట్లాడుకునేదానితో మనకేం పని?" అన్నారు. ఆ ప్రశ్న సమంజసమైనదే. దానికి జవాబు అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. ఈ సాయంత్రం చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ పెద్దాయన కూడా ముందు వరుసలోనే ఉన్నారు.

2020 అక్టోబరు 13 రాత్రి సంగతి ఈ సభలో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. చెరువు కట్టలు తెగి ఫలక్‌నుమా పక్క బస్తీల్లోకి, హఫీజ్‌బాబానగర్ గల్లీల్లోకి నీళ్లు వచ్చిపడ్డాయి. బియ్యం డబ్బాలు, కుట్టుమిషన్లు, ఆటోలు, ఆడపిల్ల పెళ్లికని దాచిన బట్టలు అన్నీ బురద పాలయ్యాయి. తర్వాత ప్రభుత్వం ఇంటికి పదివేల రూపాయల సహాయం ప్రకటించింది. మీ సేవ కేంద్రాల ముందు తెల్లవారుజామునుంచే బారులు తీరారు. నగరపాలక ఎన్నికల ప్రకటన వెలువడగానే, నవంబరు 18న ఆ పంపిణీ నిలిచిపోయింది. అందినవారున్నారు, అందనివారున్నారు. సొంతిల్లు ఉన్నవాడు కాగితం చూపగలిగాడు. అద్దె ఇంటివాడు, ఆ అద్దె ఇంట్లో మరో గది అద్దెకు తీసుకున్నవాడు ఏం చూపగలడు?

ఆ రోజుల్లో ఇంటింటా మూడు ప్రశ్నలు వినిపించాయి. ఈ నష్టానికి కారణమెవరు? నష్టపోయింది ఎవరు? దాన్ని భరించవలసింది ఎవరు, ఏ ఆధారం మీద? సరిగ్గా ఈ మూడు ప్రశ్నల మీదనే మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచ దేశాలు ఒక పెద్ద హాలులో కూర్చుని వాదించుకుంటున్నాయి. ఆ హాలు పేరే వాతావరణ సదస్సు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఫలానా వాన భూతాపం వల్లనే కురిసిందని ఏ ఒక్క వాననూ వేలెత్తి చూపి తేలికగా చెప్పలేం. మన నగరంలో చెరువులను ఆక్రమించినవారి పాపం, నాలాలను పూడ్చినవారి పాపం, చూసీ చూడనట్టు ఊరుకున్నవారి పాపం అందులో తక్కువేమీ కాదు. అయితే శాస్త్రం ఒక సంగతి తేల్చిచెబుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే, అది తనలో పట్టి ఉంచుకోగలిగే తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. అంటే ఆకాశం పెద్ద కుండ మోస్తోంది. ఒలికినప్పుడు ఒక్కసారిగా ఒలుకుతుంది. అది ఒలికేచోట ఎవరు నివసిస్తున్నారో మీకు తెలుసు.

ఇక ఆ హాలులోకి వెళదాం. 1992లో రియో డి జనీరోలో వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కుదిరింది. 1994లో అమలులోకి వచ్చింది. దానికి ఆయువుపట్టు వంటి సూత్రం ఒకటుంది: భూమిని కాపాడే బాధ్యత అందరికీ ఉమ్మడిది, కానీ ఆ బాధ్యత అందరికీ సమానం కాదు. ఎక్కువ పొగ వదిలి సంపన్నులైనవారు ఎక్కువ బరువు మోయాలి, తక్కువ వదిలినవారు తమ శక్తిమేరకు మోయాలి. మన దేశం మొదటినుంచీ ఈ సూత్రం పక్షాన గట్టిగా నిలబడింది. నిలబడవలసిందే. సగటున ఒక అమెరికా పౌరుడు ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారకుడైతే, సగటు భారతీయుడు దాదాపు 2 టన్నులకు మాత్రమే కారకుడు. మొత్తం లెక్కలో మనం మూడో స్థానంలో ఉన్నామని వేలు చూపేవారు తలసరి లెక్కను మాత్రం దాటవేస్తారు.

ఒడంబడిక ఇంకా రాతలోనే ఉన్న 1991లో, పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు అనే చిన్న దేశం చిన్న ద్వీపదేశాలన్నిటి తరఫున ఒక ప్రతిపాదన పెట్టింది. సముద్రమట్టం పెరిగి మా నేల మునిగితే ఆ నష్టాన్ని పూడ్చేందుకు ఒక బీమా ఏర్పాటు చేయండి, అందుకు డబ్బు సంపన్న దేశాలు ఇవ్వాలి అని. ఆ ప్రతిపాదనను పక్కన పెట్టేశారు. అలా పక్కన పెట్టిన విషయం నిధి రూపంలో మళ్లీ హాలులోకి రావడానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది.

ఎందుకు అంతకాలం పట్టిందో అర్థం కావాలంటే అక్కడ మాటలతో ఎలా పోరాడతారో చూడాలి. 2015 డిసెంబరు 12న పారిస్ ఒప్పందం ఆమోదానికి సిద్ధమైంది. చివరి గంటల్లో అమెరికా ప్రతినిధులు ఒక క్రియాపదం చూసి ఉలిక్కిపడ్డారు. సంపన్న దేశాలు ఉద్గారాలను తగ్గించే లక్ష్యాలు పెట్టుకుని తీరాలి అన్న అర్థంలో, ఇంగ్లీషులో 'షల్' అని రాసి ఉంది. దాన్ని 'షుడ్' అని మార్చాలని పట్టుబట్టారు. సభలో అచ్చుతప్పుల సవరణలు చదువుతూ, వాటి మధ్య ఈ మార్పును కూడా చదివేశారు. ఆ పైన ఒప్పందం ఆమోదం పొందినట్టు సుత్తి మోగింది. ఈ రెండు మాటల తేడా సామాన్యులకు అంతుపట్టదని ఆ రోజు పత్రికలు రాశాయి. మదర్సాలో ఒక్క ఏడాది చదివిన పిల్లవాడికైనా అది చక్కగా అంతుపడుతుంది. ఒకటి ఫర్జ్, రెండోది ముస్తహబ్. ఫర్జ్ విడిచిపెట్టినవాడు జవాబు చెప్పుకోవాలి. ముస్తహబ్ విడిచిపెట్టినవాణ్ణి ఎవరూ నిలదీయరు.

అదే పారిస్ తీర్మానంలో 51వ పేరా ఉంది. వాతావరణ మార్పు వల్ల కలిగే నష్టం, హాని గురించి ఒప్పందంలో ఒక ప్రత్యేక అధికరణ చేర్చడానికి సంపన్న దేశాలు ఒప్పుకున్నాయి. కానీ ఆ అధికరణ ఆధారంగా ఎవరిపైనా చట్టబద్ధ బాధ్యత గానీ పరిహార బాధ్యత గానీ ఏర్పడదు అని ఈ 51వ పేరాలో రాయించుకున్నాయి. నష్టం జరిగిందని ఒప్పుకుంటాం, సానుభూతి చూపిస్తాం, కానీ 'పరిహారం' అనే మాట మాత్రం పలకం అన్నమాట. పరిహారానికీ సహాయానికీ తేడా మన సమాజానికి చెప్పనక్కరలేదు. పరిహారం హక్కు. సహాయం ఎదుటివాడి దయ. ఇంటికి పదివేలు ఇచ్చినప్పుడు దానికి ఏ పేరు పెట్టారో గుర్తుచేసుకోండి.

2022 ఆగస్టు నాటికి పాకిస్తాన్‌లో వచ్చిన వరదలు ఈ చర్చను ఒక మలుపు తిప్పాయి. సుమారు 3 కోట్ల 30 లక్షల మంది ఆ వరదల బారిన పడ్డారు. 1,700 మందికి పైగా మరణించారు. సింధ్ ప్రాంతంలో నెలల తరబడి పొలాలు నీళ్లలోనే ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలతో కలిసి వేసిన లెక్కలో విధ్వంసం, ఆర్థిక నష్టం కలిపి సుమారు 3,000 కోట్ల డాలర్లని తేలింది. ప్రపంచ ఉద్గారాలలో ఆ దేశం వాటా ఒక్క శాతం కూడా లేదు. ఆ ఏడాది అభివృద్ధి చెందుతున్న దేశాల కూటమి జీ-77కు పాకిస్తానే అధ్యక్ష స్థానంలో ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. ఈజిప్టులోని షర్మ్ అల్ షేఖ్‌లో నవంబరులో జరిగిన 27వ సదస్సులో ఆ దేశ వాతావరణ మంత్రి షెర్రీ రహ్మాన్ ఈ వాదనను ముందుండి నడిపారు. మేము అడుగుతున్నది దానం కాదు, న్యాయం అన్నది ఆ వాదన సారాంశం. సదస్సు గడువు దాటి, నవంబరు 20 తెల్లవారుజామున నష్టం, హాని నిధి ఏర్పాటుకు ఒప్పందం కుదిరింది. ఆ హాలులో భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, మాల్దీవులు ఒకే పక్షాన నిలబడ్డాయి. సరిహద్దుల వద్ద కనిపించని దృశ్యం అది.

ఇక్కడ ఒక పేరు తలచుకోకుండా ముందుకు పోలేను. బంగ్లాదేశ్ శాస్త్రవేత్త సలీముల్ హఖ్. మొదటి సదస్సు నుంచి 27వ సదస్సు దాకా ఒక్కటీ విడిచిపెట్టకుండా హాజరైన అరుదైన మనిషి. ఆయన ప్రతి ఏడాదీ వెళ్లి, అతి పేద దేశాల ప్రతినిధుల పక్కన కూర్చుని, ముసాయిదాలో ఏ మాట ఎక్కడ మారిందో వారికి చూపించేవారు. సంపన్న దేశాలు వందలమంది న్యాయవాదులను వెంటబెట్టుకుని వస్తే, పేద దేశాల నుంచి నలుగురైదుగురు వస్తారు. ఒకేసారి పది గదుల్లో చర్చలు జరుగుతుంటే ఆ నలుగురు ఎన్ని గదుల్లో ఉండగలరు? ఆ లోటును తన చదువుతో పూడ్చిన మనిషి ఆయన. నిధి ఏర్పాటు నిర్ణయాన్ని చూశారు. నిధి పని మొదలుపెట్టడం చూడలేదు. 2023 అక్టోబరులో ఢాకాలో కన్నుమూశారు. అల్లాహ్ ఆయనపై తన కారుణ్యాన్ని కురిపించుగాక.

ఆ తర్వాతి నెలలో దుబాయి సదస్సు తొలిరోజునే ఆ నిధి లాంఛనంగా ప్రారంభమైంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, జర్మనీ చెరి పది కోట్ల డాలర్లు ప్రకటించాయి. చరిత్రలో అందరికన్నా ఎక్కువ పొగ వదిలిన అమెరికా ప్రకటించినది కోటీ 75 లక్షల డాలర్లు. ఆ తర్వాత 2025 మార్చిలో ఆ నిధి పాలకమండలి నుంచే అది తప్పుకుంది. ఇప్పటివరకు అన్ని దేశాలూ కలిసి ప్రకటించిన మొత్తం నూరు కోట్ల డాలర్లైనా దాటలేదు. ఒక్క పాకిస్తాన్ వరద నష్టమే 3,000 కోట్లని ఇందాక చెప్పుకున్నాం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నిధి ఏపాటిదో తెలుస్తుంది. ముప్పై ఏళ్ల పోరాటానికి దక్కింది ఇంతేనా అని నిరుత్సాహపడేవారుంటారు. నేనూ పడ్డాను. కానీ ఖాతా తెరవడమంటే అప్పు ఉందని ఒప్పుకోవడమే. అప్పు లేదన్నవాడి చేత ఉందని ఒప్పించడానికి ముప్పై ఏళ్లు పట్టింది. వసూలు ఇంకా మొదలు కావలసి ఉంది.

ఇప్పుడు మనకు కాస్త ఇబ్బంది కలిగించే విషయం చెప్పాలి. చెప్పకపోతే న్యాయం కాదు.

ఈ సదస్సుల్లో ఓటింగు లేదు. మూడింట రెండు వంతుల మెజారిటీతో నిర్ణయాలు తీసుకోవచ్చన్న నియమాన్ని మొదట్లోనే ప్రతిపాదించారు. చమురు ఉత్పత్తి దేశాల అభ్యంతరంతో అది నేటికీ ఆమోదం పొందలేదు. అందువల్ల ప్రతి మాటకూ ఏకాభిప్రాయం కావాలి. గట్టిగా అడ్డుపడే ఒక్క దేశం చాలు, మాట ఆగిపోతుంది. ఆ అడ్డుపడిన దేశాలలో ముందు వరుసలో సౌదీ అరేబియా ఉంటూ వచ్చింది. చమురు వాడకం తగ్గితే తమ ఆదాయం పోతుంది గనుక తమకే పరిహారం కావాలని కూడా అది చాలాకాలం వాదించింది. మునిగిపోతున్న మాల్దీవుల ప్రతినిధి ఒకవైపు, పవిత్ర క్షేత్రాల సేవకులమని చెప్పుకొనే రాజ్యపు ప్రతినిధి ఇంకోవైపు. ఇద్దరూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి సజ్దా చేసేవారే. కాబా పట్ల మన గౌరవం వేరు, ఒక ప్రభుత్వపు చమురు విధానం వేరు. రెండింటినీ కలపకూడదు. ఇది నా ఒక్కడి మాట కాదు. 2015 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో వివిధ దేశాల ముస్లిం విద్వాంసులు, కార్యకర్తలు సమావేశమై వాతావరణ మార్పుపై ఇస్లామీయ ప్రకటన వెలువరించారు. అందులో సంపన్న దేశాలతో పాటు చమురు దేశాలను కూడా పేరు పెట్టి నిలదీశారు.

ఆ పవిత్ర నేలపైనే 2024 హజ్‌లో జరిగినది మీరు మరచిపోయి ఉండరు. మస్జిదె హరామ్ వద్ద ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది. 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. వారిలో 83 శాతం మంది అధికారిక అనుమతి లేకుండా వచ్చినవారు. అనుమతి లేనివారికి చల్లని గుడారం లేదు, బస్సు లేదు. మండుటెండలో మైళ్లకు మైళ్లు నడిచారు. వారు చేసినది నియమోల్లంఘన అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఎండ ముందుగా ఎవరిని ఎంచుకుందో గమనించండి: చేతిలో కాగితం లేనివాణ్ణి.

మన దేశం సంగతికి వస్తాను. 2021లో గ్లాస్గో సదస్సు ముగింపు వేళ బొగ్గు వాడకాన్ని 'పూర్తిగా నిలిపివేయడం' అన్న మాటను 'క్రమంగా తగ్గించడం' అని మార్పించింది మన ప్రభుత్వమే. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ కంటతడి పెట్టుకున్నారు. పాశ్చాత్య పత్రికలు మనల్ని దుమ్మెత్తిపోశాయి. నా మట్టుకు నాకు ఆ రోజు మన ప్రతినిధులు చేసినది పూర్తిగా తప్పనిపించలేదు. తమ చమురు, గ్యాసుల గురించి నోరెత్తకుండా, పేదవాడి బొగ్గు ఒక్కదానినే దోషిగా నిలబెట్టడం ఏం న్యాయం? 2024 బాకూ సదస్సులో ఏటా లక్షా 30 వేల కోట్ల డాలర్లు కావాలని పేద దేశాలు అడిగితే, 2035 నాటికి ఏటా 30 వేల కోట్లతో సరిపెట్టారు. ఆ తీర్మానాన్ని మన ప్రతినిధి సభలోనే లేచి తిరస్కరించారు. బాగా చేశారు.

కానీ అక్కడ మన తరఫున పలికే ఆ 'సగటు భారతీయుడు' ఎవరు? రెండు టన్నుల సగటులో నాలుగు కార్లు, ప్రతి గదికీ ఏసీ ఉన్న ఇల్లూ ఉంది. రేకుల కప్పు కింద ఒక్క ఫ్యానుతో ఎనిమిదిమంది నిద్రించే ఇల్లూ ఉంది. పేదల తక్కువ లెక్కే సంపన్నుల ఎక్కువ లెక్కను దాచిపెడుతోంది. గ్రీన్‌పీస్ ఇండియా సంస్థ 2007లోనే దీనిపై ఒక నివేదిక వెలువరించింది. పేదల చాటున దాక్కోవడం అన్నదే దాని శీర్షిక. నేను చెప్పదలచినది ఇదే. కారకులు మేము కాదు, కనుక బరువు మాపై వేయకండి అని మన ప్రభుత్వం విదేశాల్లో వాదిస్తోంది. ఆ వాదన ధర్మబద్ధమైనదైతే మన దేశం లోపల కూడా ధర్మబద్ధమే. తక్కువ పొగ వదిలిన బస్తీవాడిపైకి ఎక్కువ నష్టం వచ్చిపడితే, అదే సూత్రాన్ని చేతబట్టుకుని రాష్ట్ర ప్రభుత్వాన్ని, నగరపాలక సంస్థను అడిగే హక్కు అతనికి ఉంది. దూరదేశాల చర్చలను మనం చెవినపెట్టవలసినది ఇందుకే. అక్కడ మన పేరుతో వాడుతున్న మాటలను ఇక్కడ మన కోసం వాడుకోవాలి.

ఖుత్బాలలో పర్యావరణం ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా మొక్కలు నాటండి, వుజూ నీళ్లు వృథా చేయకండి అన్నంతవరకే వింటాం. అది మంచి బోధ, ప్రవక్త (స) మనకు నేర్పిన బోధ. అయితే మీజాన్ అంటే త్రాసు కూడా. సూరె రహ్మాన్‌లో ఆకాశాన్ని ప్రస్తావించిన వెంటనే ఆ త్రాసు ప్రస్తావన వస్తుంది. త్రాసులో తూకం తప్పినవాణ్ణి నిలదీయడం కూడా మన బాధ్యతల్లోనిదే. చెంబెడు నీళ్లు మిగిల్చుకుని తృప్తిపడితే సరిపోదు.

సామాన్యులు అడిగితే ఏమవుతుందన్న సందేహానికి జవాబు మళ్లీ వనువాటు నుంచే వచ్చింది. 2019లో అక్కడి సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివే 27 మంది విద్యార్థులకు ఒక ఆలోచన వచ్చింది. వాతావరణం విషయంలో దేశాల చట్టబద్ధ బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడగాలని. తమ ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఆ ప్రభుత్వం ఇతర దేశాలను ఒప్పించింది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ప్రశ్నను హేగ్‌కు పంపింది. 2025 జులై 23న న్యాయస్థానం ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పింది. వాతావరణ వ్యవస్థను కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత, దాన్ని ఉల్లంఘిస్తే అది అంతర్జాతీయ చట్టరీత్యా తప్పిదం అవుతుంది, తగిన పరిస్థితుల్లో నష్టపరిహారం దాకా పర్యవసానాలు ఉంటాయి అని. పారిస్‌లో 51వ పేరా అడ్డం పెట్టి బయటికి నెట్టిన 'పరిహారం' అనే మాటను ఆ విద్యార్థులు ఇంకో వాకిలి గుండా లోపలికి తెచ్చారు. అది సలహా రూపంలోని అభిప్రాయమే, నిజమే. అయినా ఫర్జ్ అన్న మాట మళ్లీ రాతలోకి వచ్చింది.

మన సుప్రీంకోర్టు కూడా 2024 మార్చి 21న రంజిత్‌సిన్హ్ కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణల కింద పౌరుల హక్కు అని చెప్పింది. చిత్రమేమిటంటే ఆ కేసు మనుషుల గురించి కాదు. రాజస్థాన్, గుజరాత్‌లలో విద్యుత్ తీగలకు తగిలి చనిపోతున్న బట్టమేక పక్షుల గురించి. పక్షుల కేసులో మనుషుల హక్కు దొరికింది. దొరికినదాన్ని వాడుకోవడం మన చేతిలో ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఎండ ఏటా వస్తుంది. ముందు ఎండ గురించి మాట్లాడుకుందాం. మన వాళ్లు ఏ పనుల్లో ఉన్నారు? బండి మీద పండ్లు అమ్మేవారు, మెకానిక్కులు, వెల్డింగువారు, ఆటో నడిపేవారు, తాపీ పనివారు, ఇంట్లో కూర్చుని జరీ పని, బీడీ పని చేసే అక్కచెల్లెళ్లు. దేశంలో ముస్లిం పురుష కార్మికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని, జాతీయ సగటు 8 శాతం లోపేనని సచార్ కమిటీ 2006లోనే రాసింది. ఎండకు ముందుగా దొరికేది వీరే.

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో విపరీతమైన ఎండలు కాశాయి. వడదెబ్బ మరణాలని అధికారికంగా రాసుకున్నవి కొద్దే. తర్వాత పరిశోధకులు నగరపాలక మరణాల నమోదు పుస్తకాలు తీసి, అంతకు ముందరి ఏళ్ల మే నెలలతో పోల్చి చూశారు. మామూలుకన్నా 1,344 మరణాలు ఎక్కువ జరిగాయని తేలింది. ఆ లెక్క బయటపడిన తర్వాతనే 2013లో అక్కడ ఎండల ప్రణాళిక తయారైంది. దక్షిణాసియాలో అటువంటి ప్రణాళికలలో అదే మొదటిది. ముందు లెక్క తేలింది, ఆ తర్వాతే పని జరిగింది.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాలులను రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం నిర్ణయించింది. ఇది మంచి నిర్ణయం. కానీ మరణం వడదెబ్బ వల్లనే జరిగిందని ధ్రువీకరణ కావాలి. మన ఇళ్లలో ఏం జరుగుతుంది? మధ్యాహ్నం పని నుంచి వచ్చి పడుకున్న మనిషి లేవడు. 'గుండె ఆగిపోయింది, అల్లాహ్ చిత్తం' అంటాం. జనాజాను ఆలస్యం చేయరాదని, అసర్ తర్వాతనో మగ్రిబ్ తర్వాతనో ఖననం చేసేస్తాం. శవపరీక్ష అన్న మాటే సహించం. ఆ భావాన్ని నేను తప్పుపట్టడం లేదు, అది నాలోనూ ఉంది. అయితే ఫలితమేమిటి? ఆ మరణం ఏ లెక్కలోకీ రాదు. అతని భార్యకు ఆ 4 లక్షలు రావు. వచ్చే ఏడాది ఆ గల్లీకి నీళ్ల కేంద్రం రాదు, ఎందుకంటే కాగితం మీద అక్కడ ఎవరూ చనిపోలేదు. శవాన్ని కోయకుండానే, వైద్యుణ్ణి ఇంటికి పిలిపించి, శరీర ఉష్ణోగ్రత, ఆ రోజు చేసిన పని, ఎండలో ఉన్న గంటలు రాయించి ధ్రువపత్రం తీసుకునే మార్గముందా? ఇది ఉలమాలు, వైద్యులు, న్యాయవాదులు కలిసి కూర్చుని తేల్చవలసిన విషయం. ఈ వేదికపై ముగ్గురూ ఉన్నారు.

ఈ నగరం ఇలాంటి పని ఇంతకుముందు చేసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్న నూటయాభై మంది కథ మన నానమ్మల నుంచి విన్నాం. ఆ తర్వాత ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చినవే. అంతటి ప్రాణనష్టం లెక్కకు రాకుండా పోలేదు గనుకనే ఆ రెండు జలాశయాలు కట్టవలసి వచ్చింది. ఎండకు చనిపోయేవారు ఒకరోజు ఒకచోట పడిపోరు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కరుగా, చప్పుడు లేకుండా వెళ్లిపోతారు. అందుకే వారి లెక్క మరింత జాగ్రత్తగా రాయాలి.

రెండు తెలుగు రాష్ట్రాలకూ వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళికలు ఉన్నాయి. వాటిలో మన బస్తీ పేరు ఉందా, ఎంత డబ్బు కేటాయించారు, ఎంత ఖర్చుచేశారు అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు రుసుము పది రూపాయలే. కుర్రవాళ్లు నలుగురు ముందుకొస్తే దరఖాస్తులు నేను రాసిపెడతాను. 2026 నవంబరులో 31వ సదస్సు తుర్కియేలోని అంతాల్యాలో జరుగుతుంది. అప్పటికి మన చేతిలో మన లెక్క ఉంటే, అక్కడికి వెళ్లే మన దేశపు పౌరసంఘాలకు, పత్రికలకు ఇవ్వవచ్చు. లేకపోతే అక్కడ మళ్లీ ఆ సగటు భారతీయుడే మాట్లాడతాడు.

ఒక్క విన్నపంతో విరమిస్తాను. ప్రతి ఖబ్రస్తాన్‌లోనూ ఒక రిజిస్టరు ఉంటుంది. మరణించినవారి పేరు, వయసు, తేదీ, గల్లీ అందులో ఉంటాయి. ఇక్కడ ఉన్న కమిటీల బాధ్యులు గత పదేళ్ల ఏప్రిల్, మే, జూన్ నెలల పేజీలు ఫోటో తీసి తీసుకురండి. పేర్లు బయటపెట్టం, తేదీలు, సంఖ్యలు మాత్రమే లెక్కిస్తాం. వాతావరణ కేంద్రం వారి ఉష్ణోగ్రతల పట్టికను నేను తెస్తాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇషా అజాన్ వినిపిస్తోంది. నమాజు తర్వాత వజూఖానా పక్క గదిలో కూర్చుంటాను. రిజిస్టర్ల సంగతి మాట్లాడదలచినవారు అక్కడికి రండి. ఇందాకటి ప్రశ్న వేసిన పెద్దాయన కూడా వస్తానన్నారు. వారు ఇరవై ఏళ్లుగా ఒక ఖబ్రస్తాన్ కమిటీకి కార్యదర్శి.